గులకరాళ్ల మీద వాటాలు

ఎర్రగుట్ట అడవిలో నక్క గవరయ్య బొరియల వ్యాపారం పెట్టాడు. పెట్టాడన్న మాటే గానీ, తను గోరంత మట్టి కూడా తవ్వలేదు. ‘గవరయ్య బొరియలు’ అని పేరు మాత్రం ఇచ్చేవాడు. ఆ పేరుతో వాగు పక్కన బొరియలు తవ్వి అద్దెకిచ్చే పందికొక్కులు పేరు వాడుకున్నందుకు పంటపంటకీ అతనికి గింజలు కట్టాలి. కట్టలేనివాళ్లు తర్వాత ఇస్తామని గుర్తుగా అతని గింజల కొట్టులో ఓ గులకరాయి పెట్టి పోయేవాళ్లు.

ఆ వ్యాపారంలో అడవిలో సగం జంతువులకు వాటాలున్నాయి. మొగుణ్ణి డేగ తన్నుకుపోయాక, కుందేలు ఈరమ్మ వానాకాలం పిల్లల తిండికని కూడబెట్టినదంతా అందులోనే పెట్టింది.

కొట్టు కాపలా ముసలి తాబేలు నాగులుది. రాళ్లన్నీ గింజలై తిరిగి రావని అతనికి తెలుసు. అందుకే రాయి పడ్డప్పుడల్లా, కొట్టుకి వచ్చిన వాటిలోంచి కాసిని గింజలు తీసి ఆపద గొయ్యిలో పోసి మూత పెట్టేవాడు. ఆ మేరకు అందరి వాటా తగ్గేది.

వేసవి చివర పంపకాలు జరిగాయి.

“ఈసారీ ఇంతేనా మావా?” ఈరమ్మ మొహం ముడుచుకుంది.

“నేనేం చెయ్యను అమ్మాయ్! ఉన్నదంతా ఆ గొయ్యిలో మగ్గుతోంది. మన పందికొక్కులు ఎగ్గొట్టే రకమా? ఆ రాళ్లు చూడు, ఒక్కోటీ ఓ గింజల మూటే!” అన్నాడు గవరయ్య.

“రాయి రాయే ఈరమ్మా,” అన్నాడు నాగులు. “వాగు పొంగితే బొరియలుండవు. వాళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చి కడతారు?”

“నీ నోట ఎప్పుడైనా మంచి మాట వచ్చిందా తాతా? మూత తీయించు మావా!” అంటూ అందరికంటే ముందు లేచింది ఈరమ్మే. వెనక ఉడతలూ జింకలూ గోల పెట్టాయి. మూత తీసి గింజలన్నీ పంచేశారు.

ఆ రోజు వాటా రెట్టింపైంది. ఈరమ్మ పిల్లలు కడుపు పగిలేలా తిన్నారు. ఇంత లాభమొచ్చే వ్యాపారంలో వాటా కావాలని అడవంతా ఎగబడింది.

మర్నాడు గవరయ్యే ఆమె ఇంటికొచ్చాడు. “ఒంట్లో ఓపిక లేదమ్మాయ్. నా వాటా అమ్మేస్తున్నా. పరాయివాళ్లకెందుకు, పిల్లలు గలదానివి, నువ్వే తీసుకో.”

ఈరమ్మ పొంగిపోయి ఇంట్లో మిగిలిన గింజలన్నీ ఊడ్చి ఇచ్చింది. గవరయ్య మూట నెత్తిన పెట్టుకుని గుట్ట దాటాడు. మళ్లీ ఎవరికీ కనబడలేదు.

వానలు ముంచెత్తాయి. వాగు పొంగి బొరియలన్నీ కొట్టుకుపోయాయి. పందికొక్కులు ప్రాణాలు దక్కించుకుని తలో దిక్కూ పోయాయి. ఈరమ్మ తడుస్తూ కొట్టుకి పరిగెత్తింది. రాళ్లు తప్ప ఏమీ లేవు.

“తాతా, ఆపద గొయ్యిలో అడుగూ బొడుగూ ఏమన్నా...?”

“అది ఆ రోజే తినేశాం కదమ్మా,” అన్నాడు నాగులు. ఆ గొంతులో కోపం లేకపోవడమే ఈరమ్మకి భరించరానిదైంది.

అతను తన తిండిలోంచి నాలుగు గింజలు తెచ్చిచ్చాడు. పెద్దపిల్లలు నమిలారు. చిన్నది మాత్రం ఇక నోరు తెరవలేదు. దాని పక్కనే కూర్చుని ఈరమ్మ ఏడ్చింది. ఆనాడు తను పండగ చేసుకుని పిల్లలకి పెట్టింది, ఈనాడు దీని నోటికి అందాల్సిన కూడే.

ఇంకా చేతికి రానిదాన్ని వచ్చినట్టే పంచుకున్నవాళ్లకి, కష్టం వచ్చిన నాడు మిగిలేవి రాళ్లే.