పరదేశి మోసుకొచ్చిన పరుపు

ఏటిగడ్డ ఊరి ఫైర్ స్టేషన్లో పరదేశి నాయుడు అనే ఫైర్‌మన్ ఉండేవాడు. మంటల్లోకి దూకడానికి జంకేవాడు కాదు గాని, మనసులో బాధ బయటపెట్టడానికి మాత్రం చచ్చేంత సిగ్గుపడేవాడు. నవ్వకండి, అలాంటివాళ్లు మన ఇళ్లలోనూ ఉంటారు. ఇటు జరిగి వినండి.

ఒకసారి ఊరి చివర పూరిళ్లు అంటుకున్నాయి. పరదేశి పొగలోకి పాకి వెళ్లి ఒక ముసలమ్మను భుజాన వేసుకుని వచ్చాడు. దారంతా ఆవిడ "నాయనా, నాయనా" అంటూనే ఉంది. వీధిలోకి వచ్చేసరికి ఆ మాట ఆగిపోయింది. దేవుడు ఆ తల్లిని తన దగ్గరికి పిలుచుకున్నాడు.

అప్పటినుంచి పరదేశికి కాలు నిలవలేదు. కూర్చుంటే లేచేవాడు, లేస్తే తిరిగేవాడు. కడిగిన బండినే మళ్లీ కడిగేవాడు. అన్నం ముద్దలో పొగ వాసన కొట్టేది. గంట మోగకపోయినా మోగినట్టు ఉలిక్కిపడి బూట్లు తొడుక్కునేవాడు.

అతని జోడీ ఖాసిం. పొగ నిండిన చోటికి ఫైర్‌మన్ ఒంటరిగా వెళ్లడు. వెనకవాడు ముందువాడి నడుం బెల్టు పట్టుకుని నడుస్తాడు. ఇద్దరూ కలిసే వెళ్లాలి, కలిసే రావాలి. అది వాళ్ల కట్టుబాటు.

"అన్నా, నిద్ర పడుతోందా?" అని అడిగాడు ఖాసిం.

"నాకేంరా? దున్నపోతులా ఉన్నాను."

"దున్నపోతు కూడా కాసేపు కూర్చుని నెమరేస్తుంది. నువ్వు కూర్చోవడమే లేదు. మనసు డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్దాం అన్నా."

"అంటే పిచ్చోణ్ణనా? మా ఆవిడ వింటే పుట్టింటికి పోతుంది. నా గోడు దేవుడికి చెప్పుకున్నాను, చాలు."

"నాకూ ఆ ముసలమ్మ..." అని ఖాసిం ఏదో అనబోయాడు. పరదేశి అప్పటికే బకెట్ పట్టుకుని బండివైపు వెళ్లిపోయాడు.

ఒక మధ్యాహ్నం బజారులో పరుపుల దుకాణం అంటుకుంది. దూది, కొబ్బరిపీచు కలిసి కాలుతుంటే పొగ ఊరంతా కమ్మింది. "లోపల ఎవరూ లేరు బాబూ, అందరం బయటే ఉన్నాం" అని దుకాణదారు మొత్తుకున్నాడు. అయినా చూడాలి కదా. ఇద్దరూ లోపలికి వెళ్లి గోడ తడుముకుంటూ వెతికారు. ఎవరూ లేరు. తిరిగి వస్తుండగా పరదేశి ఆగిపోయాడు.

"విన్నావా? నాయనా అంటోంది!"

"ఎవరూ లేరన్నా! పద, పైన దూలం విరిగేలా ఉంది."

పరదేశి తన బెల్టు పట్టుకున్న ఖాసిం చేతిని విదిలించుకుని పొగలోకి పరుగెత్తాడు.

కాసేపటికి భుజాన దేన్నో మోసుకుంటూ బయటికి వచ్చాడు. పసిబిడ్డను దించినట్టు రోడ్డు మీద దించాడు. "అమ్మా, వచ్చేశాం, కళ్లు తెరువు" అంటూ నీళ్లు చల్లాడు. అది చుట్టిపెట్టిన పరుపు.

జనం గొల్లుమన్నారు. "ఒరే, పరుపుకి స్పృహ తెప్పిస్తున్నాడ్రోయ్!" అని ఒకడు అరిచాడు. "దుప్పటి కూడా కప్పు బాబూ, చలేస్తుంది!" అన్నాడు ఇంకొకడు.

స్టేషన్ ఆఫీసరు మార్టిన్ నవ్వలేదు. "పరదేశీ, ఖాసిం ఏడి?" అన్నాడు.

పరదేశి వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

అతన్ని వెతుక్కుంటూ పొగలోకి వెళ్లిన ఖాసిం మీద దూలం పడింది. మిగతావాళ్లు లోపలికి వెళ్లి లాక్కొచ్చారు. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది. చెయ్యి కాలింది, కాలు విరిగింది.

ఆసుపత్రిలో పరదేశి మంచం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. "తమ్ముడూ, నిన్ను వదిలేశానురా..."

"ముందు కూర్చో అన్నా. నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి." పరదేశి కూర్చున్నాక ఖాసిం మెల్లగా అన్నాడు: "ఆ ముసలమ్మ గొంతు నాకూ వినపడుతుంది. ఆ రోజు నీ వెనకే ఉన్నాను కదా. చెబుదామంటే నువ్వు ఆగవు."

"దేవుడికి చెప్పుకున్నాన్రా. ఆయన పలకలేదు."

"పలికాడేమో! నిద్ర పడుతోందా అని నాచేత అడిగించింది ఎవరనుకున్నావు?"

పరదేశి మంచం పట్టీ మీద తల ఆనించి బావురుమన్నాడు.

గుమ్మంలో నిలబడి విన్న మార్టిన్ లోపలికి వచ్చాడు. "తప్పు నాది కూడా. బండికి సర్వీసింగ్ చేయించాను, మీ బాగోగులు అడగలేదు. రేపు నేనే నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను" అన్నాడు.

"ఇది పిచ్చి కాదు నాయుడుగారూ, చూడరానివి చూసిన మనసుకి తగిలిన గాయం" అన్నాడు డాక్టరు. మందిచ్చాడు, మాట్లాడించాడు. బజారులో కొందరు "పరుపు నాయుడు" అని వెక్కిరించారు. పరదేశి ఆ బజారు మీదుగానే వైద్యానికి వెళ్లాడు. ముసలమ్మ గొంతు ఒక్కసారిగా పోలేదు. కాలం పట్టింది. కొన్ని రోజులు తగ్గి మళ్లీ వచ్చేది.

మార్టిన్ స్టేషన్లో కొత్త పద్ధతి పెట్టాడు. మంట ఆర్పి వచ్చాక అందరూ బండి నీడన కూర్చోవాలి. ఎవరు ఏం చూశారో, ఎవరికి ఎలా ఉందో చెప్పుకున్నాకే ఇంటికి వెళ్లాలి. మొదటిరోజు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కుంటుతూ వచ్చి కూర్చున్న ఖాసిం వైపు చూసి పరదేశి గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ నాకు భయమేసింది" అన్నాడు.

"నాకూ" అన్నాడు పక్కవాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ మాట్లాడారు.

నీతి: ఆపదలో మనల్ని కాపాడేవాళ్ల మనసుకీ గాయమవుతుంది, దాన్ని దాచుకుంటే తోటివాడికీ ముప్పే, కాబట్టి బాధ చెప్పుకోవడానికి వాళ్లు సిగ్గుపడకూడదు, అడిగి వినడం మనం మానకూడదు.