పెట్టెలో మిగిలిన సగం

తిరుపాలుకు ఆ కొండ మీద ఆశ చచ్చిపోయింది. ఆ మాట గౌస్ సారుతో అనే ధైర్యం మాత్రం లేదు.

రాగి, బంగారం కలిసి ఉన్నాయన్న నమ్మకంతో ఒక కంపెనీ అక్కడ బోర్లు వేయిస్తోంది. గౌస్ మొహిద్దీన్ సారు ఆ పనికి పెద్ద జియాలజిస్టు. తిరుపాలు ఆయన శిష్యుడు. సుత్తి ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి ఆయనే నేర్పాడు. వేసిన బోర్లన్నీ ఊరించి ఉసూరుమనిపించినవే. ఇక మిగిలింది ఒక్కటి. దాని రాళ్లలో కూడా సరుకు లేదని ల్యాబు తేలిస్తే క్యాంపు ఎత్తేస్తామని హైదరాబాదు నుంచి కబురొచ్చింది.

ఆ కొండ మహా టక్కరిది లెండి. ఏ కాలంవాళ్లో, పేరూ ఊరూ తెలియనివాళ్లు, నిప్పు పెట్టి రాళ్లు పగలగొట్టి పైపైన ఉన్న రాగి పట్టుకుపోయారు. వాళ్ల గుంతల నిండా ఇప్పుడు ముళ్లకంపే. తర్వాత దొరలొచ్చి గని తవ్వారు. లోపల నీళ్లు ఊరితే తోడలేక మూటాముల్లే సర్దుకున్నారు. ఆ తర్వాత సర్కారువాళ్లు బోర్లు వేసి, రాగి ఉంది గానీ గిట్టుబాటు కాదని తేల్చి వెళ్లిపోయారు.

ఆ సర్కారు జట్టులో కుర్రాడిగా వచ్చినవాడే గౌస్ సారు. కింద ఇంకా ఉంది, మనం దిగాల్సినంత దిగలేదు అని అప్పట్నుంచీ అంటూనే ఉన్నాడు. అనీ అనీ జుట్టు నెరిసిపోయింది. ఆఫీసుల్లో ఆయన వెనకాల "సారుకు కొండ పూనింది" అని నవ్వుకునేవాళ్లు. రిటైరయ్యాక కూడా కాళ్లరిగేలా తిరిగి ఈ కంపెనీని ఒప్పించుకొచ్చాడు. ఇప్పుడు ఇదీ పోతే ఆయన మాట వినేవాళ్లు ఇంకెవరూ లేరు.

బోరులోంచి రాయి గుండ్రటి కడ్డీలుగా పైకొస్తుంది. ఆ కడ్డీని రంపంతో నిలువునా రెండుగా కోసి, ఒక సగం ల్యాబుకు పంపుతారు. రెండో సగం పెట్టెలో భద్రంగా ఉంచుతారు. కోసే ముందు గీత గీసేది జియాలజిస్టే. మెరిసే చార రెండు సగాలకూ సమంగా పడేటట్టు గీయాలి.

ఆఖరి బోరు కడ్డీల్లో ఇత్తడిలా మెరిసే రాగి చార కనిపించింది. సన్నగా, అదీ ఒక పక్కకే ఉంది. తిరుపాలు కడ్డీని చేతిలో తిప్పాడు. పెన్సిలు పెట్టబోయి ఇంకాస్త తిప్పాడు. చార మొత్తం ల్యాబుకు పోయే సగంలోకి వచ్చేటట్టు గీత గీశాడు. అట్లా కోస్తే ల్యాబు లెక్కలో రాగి ఉన్నదానికి రెట్టింపు కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్కకేలే అనుకున్నాడు. తర్వాతి ముక్కకూ అదే అనుకున్నాడు. పాపం, ఈ వయసులో సారు ఓడిపోయి కొండ దిగకూడదు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

మధ్యాహ్నం సారు షెడ్డులోకి వచ్చాడు. రేకుల కింద ఉడికిపోతోంది. ల్యాబుకు పోయే సగాలు అప్పటికే గుడ్డసంచుల్లో ఉన్నాయి. సారు వాటివైపు చూడనైనా లేదు. పెట్టెల్లో మిగిలిన సగాల ముందు మోకాళ్లు పట్టుకుని, "యా అల్లా" అంటూ కూలబడ్డాడు.

"చెంబు ఇటియ్యప్పా."

తాగడానికనుకుని ఇచ్చాడు తిరుపాలు. సారు ఆ నీళ్లు రాళ్ల మీద పోశాడు. రంపపు దుమ్మంతా కొట్టుకుపోయింది. సరుకున్న రాయి తడిస్తే మెరుస్తుంది. ఇవి నల్లగా, మొద్దుగా అట్లాగే ఉండిపోయాయి.

సారు ఒక ముక్క తీసి వేలితో రుద్ది చూశాడు.

"ఈ సగం ఎవరికి తిరుపాలూ?"

"మన తర్వాత వచ్చేవాళ్లకు సార్."

"ఏముందప్పా ఇందులో?"

"ఏం లేదు సార్."

తిడతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది. సారు ఒక సంచి విప్పి మెరిసే ముక్క బయటికి తీశాడు. పెట్టెలోంచి దాని జత ముక్క తీసి, రెండూ కలిపి పట్టుకుని సుతిలి తాడు చుట్టబోయాడు. ఒక్కడి వల్ల ముడి పడలేదు.

తిరుపాలుకు ఏడుపొచ్చేసింది. "మీ కోసమే చేసినా సార్."

"తెలుసులేప్పా. ఆ కొస పట్టుకో."

తిరుపాలు తాడు కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్క కడ్డీనీ జత కట్టి, మొత్తం రాయినీ ల్యాబు సంచుల్లోకి ఎత్తారు. పెట్టెలు ఖాళీ అయిపోయాయి. సారు రంగు కుంచె అడిగి తీసుకున్నాడు. 'గీత తప్పింది. రెండు సగాలూ పంపడమైనది' అని ఖాళీ పెట్టె మీద రాసి, కింద తన పేరు పెట్టాడు. తిరుపాలు పేరు ఎక్కడా రాయలేదు.

"మొత్తం రాయి పోతే ల్యాబు ఏం చెబుతుందో మీకు తెలుసు కదా సార్," అన్నాడు తిరుపాలు. "కొండ మన చేతుల్లోంచి పోతుంది."

సారు కుంచె కింద పెట్టాడు. షెడ్డు బయట ఎండలో ఉన్న కొండవైపు ఒకసారి చూశాడు.

"కొండ యాడికి పోతాదప్పా," అన్నాడు. "పోయేది మనమే గదా."