సన్యాసయ్య ఇంటి చప్పుడు దీపం

ఊరందరికీ పంచగా మిగిలిన తెలివినంతా దేవుడు తమ ఇంట్లోనే గుమ్మరించి పోయాడని గుమ్మడిపాడు సన్యాసయ్య నమ్మకం. భార్య రాములమ్మ, తమ్ముడు అప్పన్న ఔనంటే ఔనంటారు. తల్లి పోలమ్మకి మాత్రం చెవుడు. ఎవరేమన్నా నవ్వుతూ తలూపుతుంది.

చెల్లెలు బంగారమ్మ నెలల బిడ్డని తీసుకుని మొదటిసారి పుట్టింటికి వస్తోంది. తలుపు కొడితే అమ్మకి ఎలా తెలియాలి? సన్యాసయ్యకి అదే బెంగ. రేడియోలు బాగుచేసే కోటిలింగాన్ని అడిగాడు. అతను ఓ చిన్న బోర్డూ, మైకూ, బ్యాటరీ, అయిదు బుల్లి దీపాలూ ఇచ్చాడు.

"చిన్న చప్పుడైతే ఒక దీపం, పెద్ద చప్పుడైతే అయిదూ వెలుగుతాయి. బ్యాటరీ నుంచి బోర్డుకి తీగ కట్టు. పొడుగు కాలు ప్లస్సు వైపు, పొట్టి కాలు మైనస్సు వైపు. అంతే!"

ఇంకేముంది, అప్పన్న పెరట్లోకి పరిగెత్తి చిక్కుడు తీగ కోసుకొచ్చి కట్టాడు. వెలగలేదు.

"కాళ్ళు పెట్టందే ఎలా వెలుగుతుంది?" అన్నాడు సన్యాసయ్య. "పొడుగు కాలు నీదేరా. పొట్టి కాలు మీ వదినది."

అప్పన్న బ్యాటరీకి ఒక పక్క కాలు ఆనించాడు. రాములమ్మ రెండో పక్క ఆనించింది.

"చల్లగా ఉందండీ," అంది రాములమ్మ.

"కరెంటు ఎక్కుతోందన్నమాట. కదలకు!"

అలా ఇద్దరూ పూట గడిపాక కోటిలింగం వచ్చి చూశాడు. నెత్తి కొట్టుకుని, రాగి తీగతో అన్నీ తనే అతికించాడు. దీపాలకుండే సన్నటి కాళ్ళు కూడా చూపించాడు. చప్పట్లు కొడితే అయిదూ వెలిగాయి!

"దీపం వెలిగితే ఎవరో వచ్చినట్టు. 'వస్తున్నా' అని కేకేసి తలుపు తీయమను మీ అమ్మని," అని చెప్పి వెళ్ళాడు.

మధ్యాహ్నం బంగారమ్మ తలుపు కొట్టింది. దీపాలు వెలిగాయి.

"వస్తున్నా!" అని అరిచింది పోలమ్మ. ఆ అరుపుకి దీపాలు మళ్ళీ వెలిగాయి. "అమ్మో, ఇంకొకరొచ్చారు! వస్తున్నా!" మళ్ళీ వెలిగాయి.

"ఎంతమందొచ్చారే!" అని రాములమ్మ కేక. "వస్తున్నాం! వస్తున్నాం!" అని అన్నదమ్ముల కేకలు. దీపాలు ఆరితే ఒట్టు.

"ఇంతమందికి అన్నం ఎక్కడ సరిపోతుందండీ?" అని రాములమ్మ బెంబేలెత్తి, మైకు మీద దుప్పటి కప్పేసింది. అంతే, దీపాలన్నీ ఆరిపోయాయి.

"హమ్మయ్య, అందరూ వెళ్ళిపోయారు," అన్నాడు సన్యాసయ్య.

"ఇంట్లో ఎవరూ లేరా?" బయటినుంచి బంగారమ్మ గొంతు.

సన్యాసయ్య దీపాల వంక చూశాడు. చీకటి. "ఎవరూ లేరమ్మా!" అని బదులిచ్చాడు.

"సరే అన్నయ్యా, వచ్చేదాకా కూర్చుంటాను."

అయినా చెల్లెలి గొంతు విన్నాక సన్యాసయ్య మనసు ఆగలేదు. పెరటి దారిన చుట్టూ తిరిగి వీధిలోకి వెళ్ళాడు. బంగారమ్మ బిడ్డనెత్తుకుని మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఎండలో కూర్చున్నావేమ్మా?"

"ఇంట్లో ఎవరూ లేరట."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే."

"నేను చెప్పానంటే నిజమే అయ్యుంటుంది," అంటూ సన్యాసయ్య దిగులుగా పక్కన చతికిలబడ్డాడు.

అతన్ని వెతుక్కుంటూ రాములమ్మ, ఆమె వెనక అప్పన్న, వాళ్ళ వెనక పోలమ్మ పెరటి దారినే వచ్చారు. పోలమ్మ మనవణ్ణి ఒళ్ళో వేసుకుని మురిసిపోయింది. ఇంటిల్లిపాదీ మెట్ల మీద వరసగా కూర్చుని, ఇంట్లోవాళ్ళు ఎప్పుడొచ్చి తలుపు తీస్తారా అని పొద్దుగూకే దాకా ఎదురుచూశారు.