కునుకులో ఆరో వంతు

చింతలగిరి రాజుగారి పల్లకి మోసి మోసి సింగన్న భుజాలు కాయలు కాశాయి. ముసలివాడయ్యాక, "ఇక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకో" అని రాజుగారు అతనికీ, తోటి ముసలి బోయీలకూ నెలనెలా భరణం బియ్యం ఇప్పించారు.

రాజుగారిచ్చిన బియ్యం మీద పన్ను వేసే ధైర్యం సుంకాధికారి విరూపాక్షయ్యకు లేదు. అలాగని ఊరుకునే రకమూ కాదు.

"బియ్యం సరే, విశ్రాంతి మాటేమిటి? అదీ రాబడే! రైతు పండించిన ధాన్యంలో ఆరో వంతు కొలుస్తున్నాడుగా, మీరూ కట్టండి. లేకపోతే ఖైదులో వేయిస్తా!" అన్నాడు బోయీలను పిలిపించి.

"ఏది పండితే అందులోనే కదా బాబూ కట్టేది? అలాగే," అన్నాడు సింగన్న.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ముసలి బోయీలంతా చాపలు చంకన పెట్టుకుని వచ్చి, ఖజానా గుమ్మానికి అడ్డంగా పడుకుని గుర్రుపెట్టారు. లోపలికి దారిలేక గుమాస్తాలు గగ్గోలెత్తారు.

"లేవండ్రా!" అని అరిచాడు విరూపాక్షయ్య.

సింగన్న ఒక కన్ను తెరిచాడు. "మా విశ్రాంతిలో ఆరో వంతు కొలుస్తున్నాం బాబూ. మధ్యలో లేపితే బాకీ పడిపోతాం. రేపూ వస్తాం."

విరూపాక్షయ్య తల పట్టుకున్నాడు. "పన్ను రద్దు! పొండి!"

అందరూ చాపలు చుట్టారు. సింగన్న కదల్లేదు. "రద్దయితే, కట్టింది తిరిగివ్వాలి కదా బాబూ?"

"నిద్ర ఎలా తిరిగివ్వనురా?"

సింగన్న తాపీగా లేచి, ఖజానా ముందు దించి ఉన్న అధికారిగారి పల్లకి ఎక్కి కాళ్లు చాపాడు.

"ఇంటిదాకా కుదపకుండా మోయండర్రా," అన్నాడు దాన్ని మోసే కుర్ర బోయీలతో. "నిద్ర చెడిందంటే అధికారిగారు నాకు బాకీ పడిపోతారు."