మేధాయనుడు ‘అయింది’ అన్న ఆహుతి

పూర్వం వానలు మొహం చాటేసిన కాలంలో, ప్రజావత్సలుడైన విశాలకీర్తి మహారాజు, నోరులేని పశువులు దప్పికతో కూలిపోవడం చూడలేక, వరుణదేవుని ప్రీతికై మహాయాగం తలపెట్టి, అసత్యమెరుగని తపోధనుడు మేధాయన మహర్షిని బ్రహ్మస్థానంలో కూర్చుండబెట్టాడు. యజ్ఞంలో బ్రహ్మ అంటే, దక్షిణదిక్కున మౌనంగా కూర్చుని, ఎవరెక్కడ పొరబడతారోనని కనిపెట్టి ఉండే ఋత్విజుడు. చూసేవారికి కూర్చున్న పనే! కూర్చున్నవాడికి తెలుస్తుంది దాని కష్టం.

రేయింబవళ్లు రెప్ప వాల్చక, హోమధూమానికి కళ్లు మండుతుండగా మంత్రమంత్రమూ వింటూ వచ్చిన ఆ మహానుభావుడికి, చివరినాటి సాయంకాలానికి నిన్న ఏదో నేడు ఏదో తెలియకుండా పోయింది. అస్తమయంలోపు పూర్ణాహుతి పడకపోతే యాగమంతా బూడిదలో పోసిన పన్నీరే. సూర్యబింబం అప్పటికే కొండను తాకుతున్నది. హోమం చేస్తున్న హరిశ్రవుడు గాభరాగా వెనుదిరిగి అడిగాడు.

“స్వామీ! వరుణాహుతి అయిందా? నాకు మతి తప్పుతున్నది. కాకుంటే ఆ క్రతువంతా మళ్లీ చేయాలి. పొద్దు లేదు!”

మహర్షి జ్ఞాపకం తెచ్చుకోబోయాడు. నెయ్యి వేసిన చెయ్యి కనిపించింది గాని, అది ఈనాటిదో మొన్నటిదో అంతుపట్టలేదు. ఎదుట రాజు చేతులు జోడించి చూస్తున్నాడు.

“అయింది” అన్నాడు మహర్షి.

పూర్ణాహుతి పడింది. పొద్దు గుంకింది. ఆకాశాన మబ్బు తునకైనా లేదు. అందరూ తెల్లబోయి చూస్తుండగా, హవ్యవాహనుడైన అగ్నిదేవుడు జ్వాలామధ్యంలో సాక్షాత్కరించాడు.

“దేవా! వరుణాహుతి పడలేదా?” అన్నాడు మహర్షి.

“పడింది నాయనా. వరుణుడికి ముట్టింది.”

మహర్షి మరింత అయోమయంలో పడ్డాడు. “అయితే నేను నిజమే పలికాను గదా! వాన ఏదీ?”

“పలికినప్పుడు ఎరుగుదువా?”

“ఎరుగను.”

“ఆ మాటే అనలేకపోయావా?”

“పొద్దు తరుముకొచ్చింది దేవా! తెలియదనడానికి కూడా ఓపిక లేకపోయింది. అబద్ధమాడానో లేదో ఇప్పటికీ తెలియడం లేదు!” అని ఆ వృద్ధుడు పసివాడిలా ఏడ్చాడు. పాపం, ఏడవడా మరి!

“ఎరుగనిదాన్ని ఎరిగినట్టు పలకడమే దోషం. సత్యపాలకుడైన వరుణుడు నీ నోట ‘తెలియదు’ అన్న మాట కోసమే ఆగాడు. ఇప్పుడా మాట అన్నావు గనుక వరం కోరుకో.”

“అలసిన ఋత్విజుడు తెలియదని ఒప్పుకుంటే యజ్ఞం చెడకూడదు దేవా. తన ఆసనం మరొకరికిచ్చి విశ్రమించే వీలుండాలి.”

“తథాస్తు!”

ఉరుములు ఉరిమాయి. కుండపోతగా వాన కురిసింది, పశువులు మోరలెత్తాయి. రాజు ఆనందబాష్పాలతో మహర్షి పాదాలంటి, “స్వామీ! ఇది మా యాగఫలమా, మీ సత్యఫలమా?” అని అడిగాడు.

“తెలియదు మహారాజా” అని, మేధాయనుడు ఆసనం దిగి, ఆ వానలోనే పడి నిద్రపోయాడు.