సూర్యవంశపు రాజుగారి ఎండసెలవు

ఒకానొక రాజ్యంలో ఏడాదికి ఎనిమిది నెలలు ఎండాకాలం; మిగిలిన నాలుగు నెలలూ దాని గురించి చెప్పుకునే కాలం. ఆ రాజ్యం పేరు రేగడిదుర్గం. ఫాల్గుణం వెళ్ళగానే అక్కడి జనం కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవారు. వీధి మొగల్లో చలివేంద్రాలు వెలిసేవి. మిట్టమధ్యాహ్నం కోట మీద నగారా మోగితే కమ్మరి కొలిమి మొదలుకొని కచేరీ దాకా అన్నీ మూతపడేవి. నీడలు సాగాక రెండో నగారా మోగేది. ఆ రెంటి నడుమ రాజ్యంలో మెలకువగా ఉండేవి ఈగలు మాత్రమే.

ఆ దేశాన్నేలే ప్రతాపభాస్కర భూపతి, తనది సూర్యవంశమని రోజుకు రెండుసార్లు చెప్పేవాడు. ఎదుటివారు విననట్టు కనిపిస్తే మూడోసారి కూడా. ఆ ఏడు ఆయన కొత్త సభామండపం కట్టిస్తున్నాడు. ఆషాఢ పౌర్ణమినాడు తన పుట్టినరోజు అందులోనే జరగాలని పట్టుదల.

వైశాఖంలో ఉత్తర ద్వీపం నుంచి ఒక వర్తకుడు వచ్చాడు. రేగడిదుర్గంలో వైశాఖమాసాన కంబళ్ళు అమ్మవచ్చనుకున్న మనిషి. కంబళ్ళు ఎవరూ కొనలేదు గాని, అతని కబుర్ల కోసం రాజు సభకు పిలిపించాడు.

"మీ వైపు ఎండాకాలం ఎలా గడుపుతారు?"

"దేశానికో తీరు మహారాజా. నేను వచ్చిన దారిలో ఇసుకదేశంవాళ్ళు మధ్యాహ్నం నేలమాళిగల్లోకి దిగిపోతారు. ద్రాక్షతోటల దేశంలో అంగళ్ళు కట్టేసి పొద్దువాలేదాకా నిద్రపోతారు. కొండరాజులు పరివారంతో రెండు నెలలు మంచుకొండలెక్కి కూర్చుంటారు. మా దేశంలో మాత్రం వేసవి పగళ్ళు ఎవరూ కన్ను మూయరు. మాకు సూర్యుడు సరిగా కనిపించేదే రెండు నెలలు. పనులన్నీ ఎండలోనే. ఇక సెలవు రోజుల్లోనైతే..."

రాజు చెయ్యెత్తి ఆపాడు. తనకు కావలసింది అప్పటికే వచ్చేసింది.

"విన్నారా? మన జనం పట్టపగలు గుర్రు పెడుతుంటే ఇన్నాళ్ళూ ఊరుకున్నాం. బుచ్చనా, రాయి."

రాయసం బుచ్చన ఆస్థానంలో శాసనాలు రాసేవాడు. ముప్ఫై ఏళ్ళుగా రాజుల మాటలు వింటూ, వాటిలో రాయదగ్గవి ఏరి రాస్తూ వచ్చినవాడు.

"రేపటి నుంచి ఉత్తర ద్వీపపు వేసవి ఆచారమే మన ఆచారం. మధ్యాహ్నపు నగారా రద్దు. నిద్ర కోసం వాదించినవాడు మండపం దగ్గర రాళ్ళు మోస్తాడు."

"ఆ ఆచారంలో కొంతా, మొత్తమా ప్రభూ?" అన్నాడు బుచ్చన. అప్పటికది యుక్తి కాదు, అలవాటు. శాసనంలో అనుమానం మిగలకూడదని ఆయన పట్టింపు.

"మేము ఏ పనైనా సగం చేస్తామా? మొత్తం."

బుచ్చన 'మొత్తం' అని రాసుకున్నాడు.

ఆరో రోజున రాతిపని మేస్త్రి కాశప్ప బుచ్చన ఇంటికి వచ్చి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"పదకొండుమందికి వడదెబ్బ తగిలింది అయ్యగారూ. మా తమ్ముడు పొద్దున్నుంచి కళ్ళు తెరవలేదు. ఉల్లిపాయ రసం పూశాం, మజ్జిగ పట్టాం. ఎల్లుండి రోహిణి కార్తె వస్తది. ఎవరో ఒకరు పోతారు. తమరు రాజుగారితో ఒక్క మాట చెప్పరాదా?"

"చెప్తే నేనూ నీతోపాటు రాళ్ళు మోయాలి కాశప్పా. రెండో రాయికి నన్ను కూడా నువ్వే మోయాలి."

కాశప్ప నవ్వలేదు. బుచ్చన కూడా నవ్వించడానికి అనలేదు. కండువా వేసుకుని వర్తకుడు దిగిన సత్రానికి నడిచాడు.

వర్తకుడు నీళ్ళ గంగాళంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ రోజు తమరి మాట సగంలో ఆగింది. మిగతా సగం చెప్పండి," అన్నాడు బుచ్చన.

వర్తకుడు చెప్పాడు. బుచ్చన రాసుకుని, తప్పులు లేవని ఒకసారి చదివి వినిపించి, ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు సభలో బుచ్చన తాటాకు పట్టుకుని లేచాడు.

"ప్రభూ, తమ శాసనం సగమే అమలవుతోంది. తప్పు నాదే."

"సగమా?"

"పని సంగతి అమలైంది, సెలవు సంగతి మిగిలిపోయింది. సెలవు రోజున ఆ దేశపు పెద్దలు సముద్రపుటొడ్డుకు వెళ్ళి, పైబట్టలు తీసి, గొడుగైనా లేకుండా మిట్టమధ్యాహ్నం ఇసుకలో పడుకుంటారట. అందరికంటే ముందు రాజుగారు పడుకుంటారట. ఒళ్ళు ఎంత ఎర్రబడితే అంత హోదా అట."

రాజు వర్తకుడి వైపు చూశాడు.

"నిజమే మహారాజా. ఒక జాము పడుకుంటారు. మధ్యలో పక్కకి తిరుగుతారు."

"మనకు సముద్రం లేదు కదా," అన్నాడు రాజు, కొంచెం ఆశగా.

"ఏటి ఇసుక ఉంది ప్రభూ. ఈ రోజుల్లో నీళ్ళు కూడా అడ్డం రావు. మరొకరైతే నేనే వద్దనేవాణ్ణి. తమకు సూర్యుడు సాక్షాత్తూ తాతగారు. మనవడి వీపు నిమురుతాడే గాని కాలుస్తాడా?"

సభంతా రాజు ముఖం చూసింది. కాలుస్తాడని ఆ ముఖానికి తెలుసు. అయినా నోరు "రేపే" అంది.

మరునాడు రోహిణి కార్తె మొదటి రోజు. రాజుగారి సెలవును అందరూ చూడాలి గనక మండపం పని ఆగింది. కాశప్ప మనుషులు ఏటిగట్టు తుమ్మచెట్ల కింద చేరి, ఏడు రోజుల తర్వాత తొలిసారి మధ్యాహ్నం పూట కూర్చున్నారు.

ఇసుక మీద పలుచని పట్టుబట్ట పరిచారు. రాజు నగలన్నీ తీసి ఠీవిగా పడుకున్నాడు. పక్కన నీళ్ళ తొట్టిలో నీటి గడియారపు చిల్లుగిన్నె వదిలారు; అది పూర్తిగా మునిగితే జాము అయినట్టు.

"హాయిగా ఉంది," అన్నాడు రాజు. ఎవరూ అడగలేదు.

గిన్నె వేలెడు దిగింది.

"బుచ్చనా, జాము అయిందా?"

"ఇప్పుడే మొదలైంది ప్రభూ."

"పక్కకి తిరుగుతారన్నాడు కదూ?"

తిరిగాడు. ఆ పక్క కొత్తగా కాలింది. ఇటు తిరిగాడు. మళ్ళీ అటు తిరిగాడు. అట్లకాడ లేకుండా అట్టు దానంతట అది తిరగడం రేగడిదుర్గం ప్రజలు చూడటం అదే మొదటిసారి. నవ్వడానికి మాత్రం ఒక్కరికీ ధైర్యం చాల్లేదు.

గిన్నె సగం మునగక ముందే రాజు లేచి, ఠీవి ఇసుకలోనే వదిలేసి, చెట్ల నీడలోకి పరుగెత్తాడు. రెండు కడవల నీళ్ళు నెత్తిన పోయించుకుని, ముంతెడు మజ్జిగ తాగాడు.

"వర్తకుడా, నిజం చెప్పు. మీ రాజు ఇలాగే పడుకుంటాడా?"

"ఇలాగే మహారాజా. కాకపోతే మధ్యలో చలేస్తే మా కంబళి కప్పుకుంటాడు."

రాజు నెమ్మదిగా బుచ్చన వైపు తిరిగాడు.

"ఈ సంగతి నీకు తెలుసు."

"మొన్న సాయంత్రమే తెలిసింది ప్రభూ. వాళ్ళు ఎండ అనేదాన్ని మనం వెన్నెల అంటాం. అయినా శాసనంలో మొత్తం అని ఉంది. నిద్ర గురించి నేను ఒక్క మాట వాదించలేదు."

రాజు చెట్ల కింద కూర్చున్న రాతిపనివాళ్ళను చూశాడు.

"వీళ్ళు వారం రోజులుగా ఈ ఎండలోనే ఉన్నారా?"

"ఉన్నారు ప్రభూ, రాళ్ళతో సహా. పదకొండుమంది పడుకున్నారు కూడా. అది సెలవు కాదు."

రాజు తన ఎర్రటి భుజం తడుముకుని, "తాతగారు మనవణ్ణి గుర్తుపట్టినట్టు లేరు," అన్నాడు. తన మాటకు తానే నవ్వాడు. నవ్వితే వీపు మండింది. మండితే ఇంకా నవ్వొచ్చింది. అప్పుడు ఏటిగట్టంతా నవ్వింది.

"నగారా మోగించండి. ఇకమీద రోజూ మోగాలి. రాజవైద్యుణ్ణి ఆ పదకొండుమంది దగ్గరికి పంపండి. మండపం మెల్లగా కట్టండి. మా పుట్టినరోజు ఈ ఏడు కార్తీకంలో వస్తుంది."

పరిచారకులు నగలు తెచ్చి తొడగబోయారు. ముత్యాలహారం మెడను తాకగానే రాజు ఉలిక్కిపడి, దాన్ని తీసి బుచ్చన చేతిలో పెట్టాడు. భుజకీర్తులు తొడిగారు, అవీ ఇచ్చేశాడు. జరీ ఉత్తరీయం కప్పారు, అదీ ఇచ్చేశాడు. ఇంత ధారాళమైన చెయ్యి ఏ రాజుకూ లేదని చుట్టూ ఉన్న సభికులు జయజయధ్వానాలు చేశారు. బంగారు మొలనూలు ఇంకా పళ్ళెంలోనే ఉండటం గమనించిన బుచ్చన చాచిన చేతులు చాచినట్టే నిలబడ్డాడు.