కూర్చుని ఇచ్చిన మాట

అనగా అనగా, ఏటికి ఇంకా కట్టలు పొయ్యని కాలంలో, ఒడ్డున ఒక క్రైస్తవ పాలెం. అక్కడ ప్రార్థనకు కొదవ లేదు, పాటకు కొదవ లేదు. మాట ఇచ్చేవాళ్లకూ కొదవ లేదు. నిలబెట్టుకునేవాళ్లకే కరువు.

ఎవరిని ఏదడిగినా ఒకటే జవాబు. "ప్రభువు చిత్తమైతే వస్తా." "ప్రభువు చిత్తమైతే చేస్తా." రాకపోతే ఆయన చిత్తం కాలేదన్నమాట. తప్పెవరిది? దేవుడిది. ఎంత సుఖమో చూడండి. నాకైతే తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

ఆ పాలెంలో దీనమ్మ అని, గడ్డి కోసి అమ్ముకుని బతికే ముసలామె ఉండేది. నీళ్లు తక్కువున్నప్పుడు ఏటి మధ్య లంకకు నడిచిపోయి గడ్డి కోసుకొచ్చేది. ఆ లంకలో కళ్లు లేని సారమ్మ, మొగుడి సమాధి వదల్లేక ఒంటరిగా పాక వేసుకుని ఉండేది.

"ఏరొస్తే నన్నెవరు తలుచుకుంటారే?" అంది సారమ్మ ఒకనాడు.

"నేనొచ్చి తీసుకుపోతా," అంది దీనమ్మ.

"ప్రభువు చిత్తమైతే అనవేం?"

"నువ్వు బతకడం ఆయన చిత్తమే గదే. ఇక చెప్పాల్సింది నా చిత్తం. వస్తా."

ఏరొచ్చింది. లంక అంచులు మునిగాయి. తాటిదోనెకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు గెడ వెయ్యాలి, ఒకరు లోపలికొచ్చే నీళ్లు తోడిపొయ్యాలి. దీనమ్మ పాలెంలోకి పరిగెత్తింది.

సంఘపెద్ద ఇస్సాకు అన్నం ముందు కూర్చున్నాడు. "నువ్వు పద దీనమ్మా. ప్రభువు చిత్తమైతే వెనకే వస్తా." లేవలేదు.

పాటలెత్తే తీతు తప్పెట బిగిస్తూ కూర్చున్నాడు. "నువ్వు పద. ప్రభువు చిత్తమైతే వెనకే వస్తా." లేవలేదు.

దోనె గల జెకర్యా అరుగు మీద కూర్చుని ఏటినే చూస్తున్నాడు. "దోనె తీసుకో అత్తా. ప్రభువు చిత్తమైతే వెనకే వస్తా." వాడూ లేవలేదు.

వెనక ఎవరూ రాలేదు. దీనమ్మ దోనె కట్టు విప్పింది. ఒడ్డున నిలబడి పాలెమంతా వినేట్టు అరిచింది. "కాళ్లు మీవి. చేతులు మీవి. బద్ధకం మీది. దానికి ఆయన పేరెందుకు పెడతారయ్యా? ఆయన మాట తప్పలేదు, సిలువెక్కాడు. ఆయన పేరు పెట్టుకుని నేనెట్లా తప్పేది?"

ఒక్కతే గెడ వేసింది. ఒక్కతే నీళ్లు తోడింది. సారమ్మను ఎక్కించుకుని రేవు దాకా తెచ్చింది. అక్కడ దోనె నిండి మునిగిపోయింది. సారమ్మ చేత రేవు గుంజ పట్టించింది. తను పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. ఏరు ఆమెను తీసుకుపోయింది.

సారమ్మ కేకలు విని ముగ్గురూ అప్పుడు వచ్చారు. సారమ్మను పైకి లాగారు.

మూడోనాడు దీనమ్మ శవం దొరికింది. సమాధి దగ్గర ఇస్సాకు గొంతు సవరించుకున్నాడు. "అంతా ప్రభువు చిత్తం."

సారమ్మ చేతికర్ర నేలకేసి కొట్టింది. "నోరు ముయ్యి పెద్దా. ప్రభువు చిత్తం ఆ రోజు దీనమ్మ కాళ్లతో మీ ముగ్గురి గుమ్మాల్లోకీ నడిచొచ్చింది. లేవనిది మీరు."

 

ఇప్పటికీ ఆ పాలెంలో ఎవరైనా "ప్రభువు చిత్తమైతే" అంటే పసిపిల్లలైనా సరే అడుగుతారు. "ఆయన చిత్తం సరే, నీ చిత్తమేంటి?" అప్పుడు వస్తాననో రాననో తేల్చి చెప్పాలి. సంఘపెద్దయినా అంతే. వస్తాననేవాడు లేచి నిలబడి మరీ చెప్పాలి. కూర్చుని ఇచ్చిన మాట అక్కడ చెల్లదు.